గుర్రం పాల్ అడిగిన ప్రశ్న

పాల్‌ని మా వైపు అందరూ గుర్రం పాల్ అంటారు. కొందరు నోరు తిరక్కో, కావాలనో 'గుర్రం పాలు' అని సాగదీస్తారు. అతను కోప్పడడు. "లీటరు సాలా, రెండు కావాలా?" అని అడిగి తన పని తాను చూసుకుంటాడు.

శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్తే చినబొడ్డవలస వస్తుంది. అతనిదీ నాదీ ఆ ఊరే. శృంగవరపుకోటని మేం కోట అనే అంటాం, నేను అక్కడి కాలేజీలో చరిత్ర చెబుతాను. పాల్ కొండమీది సంతలకి సరుకు మోసే గుర్రాలకు నాడాలు కొడతాడు, కుంటివాటికి కట్లు కడతాడు, మొండివాటిని దారికి తెస్తాడు. వయసు నలభై దాటింది. పొట్టి మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. చూడ్డానికి ఇంతే. కానీ ఇంగ్లండులో ఆస్కాట్ అనే రేస్‌కోర్సులో, రాజకుటుంబం కూర్చుని చూస్తుండగా గుర్రాన్ని కళ్ళెం పట్టి నడిపించినవాడితను. అక్కడ బుర్రలో దూరిన ఒక ప్రశ్నను ఇక్కడిదాకా మోసుకొచ్చి, రెండు ఊళ్ళ జనాన్ని ఒక పొద్దున్న పొలం గట్ల మీద నిలబెట్టాడు.

పాల్ తండ్రి డేవిడ్‌రాజు విజయనగరం రైల్వేస్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆదివారం పూట తెల్ల చొక్కా వేసుకుని ఇంటిల్లిపాదినీ అదే జట్కాలో బాప్టిస్టు చర్చికి తీసుకెళ్ళేవాడు. పాల్ చిన్నప్పట్నుంచీ అడిగే రకం. గుర్రం నిలబడి నిద్రపోతే పడిపోదేం? ఒక చెవి ముందుకీ ఒక చెవి వెనక్కీ పెట్టిందంటే ఏ వైపు వింటున్నట్టు? తండ్రికి జవాబులు తెలియక కాదు, ఎన్నని చెబుతాడు! "దాన్నే అడగరా" అనేవాడు. పాల్ నిజంగానే వెళ్ళి దాని మొహంలో మొహం పెట్టి అడిగేవాడట.

ఆటోలు వచ్చాక జట్కాకి బేరాలు పోయాయి. డేవిడ్‌రాజు బండీ గుర్రమూ అమ్మేసి, భార్య పుట్టిన ఊరని చినబొడ్డవలస వచ్చి కూలిపనిలో పడ్డాడు. పదో తరగతి అయిన పాల్‌కి పొలంపని అబ్బలేదు. తెలిసినవాళ్ళు హైదరాబాదు మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రాలు కడిగే పని ఉందంటే రైలెక్కేశాడు. అక్కడ సైసుగా, అంటే గుర్రాన్ని చూసుకునేవాడిగా చేరాడు. తేలికైన ఒళ్ళు, భయం లేని చేతులు. కొన్నాళ్ళకి పొద్దున్నపూట గుర్రాల మీదెక్కి పరిగెత్తించే పని ఇచ్చారు. పందెంలో దిగే జాకీ వేరు. రోజూ గుర్రాన్ని పందేనికి తయారుచేసే రౌతు వేరు. పాల్ ఈ రెండో రకం. మధ్యలో వచ్చి బేబీని పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడ విజయనగరంలో ఆసుపత్రి నర్సు.

ఇంగ్లండులో గుర్రాల శాలలకి రౌతులు దొరకడం లేదనీ, మన దేశం నుంచి తీసుకుంటున్నారనీ తెలిసి పాల్ దరఖాస్తు పెట్టాడు. భార్య ఉద్యోగం వదలనంది. "నువ్వు ఎల్లి సూసొచ్చీ, నాను ఇక్కడే ఉంటాను" అంది. అలా అతనొక్కడే వెళ్ళి, ఏటా సెలవుకి వచ్చిపోతూ, చాలా ఏళ్ళే ఉన్నాడు.

అతను చేరిన శాలని ఒక పెద్దావిడ నడిపేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆవిడ దగ్గర రెండు రకాల గుర్రాలూ ఉండేవి. చదునుగా పరిగెత్తే పందెపు గుర్రాలు కొన్ని, అడ్డాలు దూకే పందెపు గుర్రాలు కొన్ని. పాల్‌కి మొదటి రకమే తెలుసు. హైదరాబాదులో అతను చూసినవన్నీ చదును పందేలే. గుర్రం దూకడమంటే ఎప్పుడో సర్కసులో చూశాడు, అంతే.

మొదటి ఏడాది జూన్ నెలలో ఆస్కాట్‌కి వెళ్ళాడు. ఆ పందేలు అయిదు రోజులు జరుగుతాయి. మగవాళ్ళు గొట్టాల్లాంటి నల్లటోపీలు, ఆడవాళ్ళు పూలకుండీల్లాంటి టోపీలు పెట్టుకొచ్చారు. పందేలకి ముందు రాజకుటుంబం నాలుగేసి గుర్రాలు కట్టిన బళ్ళలో ట్రాకు మీదుగా వచ్చింది. పాల్ ఆ బళ్ళని చూసినంతగా అందులో కూర్చున్నవాళ్ళని చూడలేదు. ఆ ఆదివారం వీడియో కాల్‌లో తండ్రికి చెప్పాడు.

"అయ్యా, ఆ బళ్ళకి తోలేవోడి పీట లేదు."

"పీట లేకపోతే ఎక్కడ కూకుంటాడ్రా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"బండి మీద కాదు. గుర్రాల మీదే కూకుంటారు. ఎడమేపు గుర్రాల మీద మనుషులు, కుడేపువి ఉట్టినే పక్కన పరిగెడతాయి."

డేవిడ్‌రాజు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అయితే కుడేపు గుర్రానికి ఎవుడు సెప్తాడు?" అని అడిగాడు. అడిగే గుణం పాల్‌కి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈ ముక్క విన్నాకే తెలిసింది.

ఆ అయిదు రోజుల్లో అన్నిటికన్నా పెద్ద పేరు గోల్డ్ కప్‌ది. రెండున్నర మైళ్ళు. మన దగ్గర చాలా పందేలు ఆ దూరంలో సగం కూడా ఉండవని పాల్ అంటాడు. వేగం ఒక్కటే చాలదు, ఊపిరి దాచుకోవాలి. జూలైలో ఇంకో పెద్ద పందెం, కింగ్ జార్జ్ అని మొదలయ్యే పొడుగాటి పేరు. అందులో మూడేళ్ళ కుర్ర గుర్రాలు ముదురు గుర్రాలతో మొదటిసారి గట్టిగా తలపడతాయి. ఈ కబుర్లు చెప్పేటప్పుడు పాల్ గోల్డ్ కప్‌ని కప్పు అనే అంటాడు, మా ఊళ్ళో ముసలాళ్ళు టీ కప్పనుకుని తలలూపుతారు.

పాల్‌కి అప్పగించిన గుర్రం ఒకటి బూడిదరంగుది. దాని పేరులో లాంతరు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఉంది. పాల్ దాన్ని లాంతరనే పిలిచేవాడు. మంచి గుర్రం, కానీ నిదానం. అయిదో రోజు ఆఖర్న అన్నిటికన్నా పొడుగు పందెం ఒకటుంటుంది. లాంతరు అందులో పరిగెత్తి చిట్టచివర వచ్చింది. పాల్ సూటూ టై కట్టుకుని, దాని కళ్ళెం పట్టుకుని, ఎవరూ చూడని పక్కనుంచి నడిపించుకుపోయాడు. ఇక దాన్ని అమ్మేస్తారనుకున్నాడు. శాల పెద్దావిడ మాత్రం, "చలికాలం రానీ, దూకుళ్ళలో చూద్దాం" అంది.

చలికాలంలో ఆస్కాట్ ఇంకో ఊరులా ఉందట. అదే స్టాండు, అదే గడ్డి. కానీ పూల టోపీలు పోయి ఉన్ని కోట్లు వచ్చాయి. చదును పందేల ట్రాకుకి లోపలివైపున దూకుడు పందేల ట్రాకు ఉంది. గుర్రాలు రెండు మూడేళ్ళవి కావు, ఏడూ ఎనిమిదీ పదేళ్ళవి. వేసవిలో లాగా ఇనప గదుల్లోంచి తలుపులు తెరిస్తే దూసుకురావడం లేదు. ఒక తాడు ముందు గుంపుగా తిరుగుతూ, తాడు లేవగానే కదులుతాయి. అడ్డాలు రెండు రకాలు. తగిలితే వంగిపోయే తడకలాంటివి హర్డిల్స్. కొమ్మలు దట్టంగా కూర్చి గోడలా కట్టినవి ఫెన్సులు. డిసెంబరులో క్రిస్మసుకి ముందు శనివారం లాంగ్ వాక్ హర్డిల్ అని పెద్ద పందెం. పేరులో వాక్ ఉంది గాని నడక కాదు, మూడు మైళ్ళ పరుగు. జనవరిలో, ఫిబ్రవరిలో ఫెన్సుల మీద ఇంకా పెద్దవి జరుగుతాయి.

ఆ డిసెంబరు శనివారమే, పెద్ద పందేనికి ముందు జరిగిన ఒక చిన్న హర్డిల్ పందెంలో లాంతరు దిగింది. రెండో హర్డిల్ దగ్గర పక్క గుర్రం ఒరుసుకుంటే జాకీ జారి కింద పడ్డాడు. జాకీ లేచి బట్టలు దులుపుకున్నాడు. లాంతరు మాత్రం ఆగలేదు. ఖాళీ జీనుతో, పగ్గం వేలాడుతుండగా, మిగతా గుర్రాలతో పరిగెత్తి మూడో హర్డిల్ దూకింది. నాలుగోదీ దూకింది. పక్కన దారి తెరిచి ఉన్నచోట కూడా తప్పుకోలేదు. చెవులు నిక్కబొడుచుకుని, వేసవిలో ఎన్నడూ పరిగెత్తనంత హుషారుగా అన్నీ దూకి, గెలుపు గుంజ దాటి, తిరిగొచ్చి పాల్ భుజానికి మూతి ఆనించి నిలబడింది.

వీపు మీద ఎవరూ లేరు. కొరడా లేదు. మరెందుకు దూకింది?

ఆ ప్రశ్నతో పాల్ అందర్నీ చంపుకుతిన్నాడు. గుర్రాలు మందతో పోతాయి, మంద దూకితే అవీ దూకుతాయి అన్నాడు ఒక సాటి రౌతు. అలవాటు చేశాం గనక అన్నాడు ఇంకొకడు. శాలలో తలనెరిసిన పెద్ద సైసు ఒకాయన, దానికి ఇష్టం, అంతే అన్నాడు. ఒక్కటీ పాల్‌కి ఆనలేదు. ఆ తర్వాత ఎక్కడ రౌతు లేని గుర్రం కనిపించినా దాన్నే చూసేవాడు. కొన్ని దూకేవి. కొన్ని పక్కనుంచి తప్పుకుని పోయేవి. ఒకే గుర్రం ఒకరోజు దూకి ఇంకోరోజు తప్పుకున్నదీ ఉంది.

ఆ తలనెరిసిన సైసే మరో సంగతి చెప్పాడు. ఈ దూకుడు పందేలు మొదట రేస్‌కోర్సుల్లో పుట్టలేదట. రెండు వందల యాభై ఏళ్ళ కిందట ఐర్లండులో ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకుని, ఈ ఊరి చర్చి నుంచి ఆ ఊరి చర్చి దాకా పొలాలకి అడ్డంపడి పరిగెత్తారట. దూరం నుంచి కనిపించే గుర్తు చర్చి శిఖరమొక్కటే. మధ్యలో వచ్చిన గోడలూ కాలవలూ కంచెలూ దూకుకుంటూ పోవాలి. అందుకే ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ శిఖరాల వేట అంటారు. పాల్ ఈ మాట విన్నప్పుడు గడ్డి మోపు ఎత్తుతున్నాడట. కిందపెట్టేసి, మా ఊరి చర్చినీ, అక్కణ్ణుంచి పొలాల అవతల కనిపించే పక్కూరు పెదలింగాలవలస చర్చినీ తలుచుకున్నాడట.

అన్నీ ముచ్చటైన సంగతులే కావు. ఒకసారి ఫెన్సు దగ్గర పడిన గుర్రం లేవలేదు. చుట్టూ ఆకుపచ్చ తెరలు పట్టారు. ఇక బాగుపడని గుర్రాన్ని తెరల అవతల ఏం చేస్తారో అక్కడున్న అందరికీ తెలుసు. ఆ సాయంత్రం దాని సైసు ఖాళీ కళ్ళెం పట్టుకుని వెళ్ళడం పాల్ చూశాడు. తర్వాత చాలా రోజులు అన్నం సహించలేదని చెప్పాడు.

తరువాత దెబ్బ అతనికే తగిలింది. ఒక పొద్దున్న శాల వెనక మైదానంలో కుర్ర గుర్రానికి దూకడం నేర్పుతుంటే అది అడ్డం ముందు ఠక్కున ఆగిపోయింది. పాల్ ఆగలేదు. తొడ ఎముక విరిగింది. గుర్రానికి ఏమీ కాలేదని తెలిసి హాయిగా మూర్ఛపోయానంటాడు. అతుక్కుంది గానీ ఇక గుర్రమెక్కి పరుగులు వద్దన్నారు డాక్టర్లు. పాల్ ఇంటికొచ్చేశాడు.

వచ్చిన ఏడాదే ఓ రేస్‌కోర్సులో పరుగు మానిపించిన గోధుమరంగు ఆడగుర్రాన్ని ఒకదాన్ని తోలుకొచ్చాడు. దానికి రూతు అని పేరు పెట్టింది సీతమ్మ. సీతమ్మంటే మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. పాల్‌కి పిన్ని వరస. ఆవిడ కాదన్నది చర్చి ఆవరణలో జరగదు. చర్చి నుంచి చర్చికి గుర్రాల పరుగు పెడదామని పాల్ అనగానే ఆవిడ చీరకొంగు బిగించింది.

"పందెమంటే జూదం కదేటిరా? దేవుడి గుడికాడ జూదమాడిస్తావా?"

"జూదం కాదు పిన్ని. ఎవులూ పైసా కాయరు. గెలిసినోడికి ఇత్తడి బిందె, అంతే."

"మరెందుకు నీకు?"

పాల్ ఆవిడకి లాంతరు కథ చెప్పాడు. సీతమ్మ నులకమంచం మీద కూర్చుని, చింతపండు గింజలు తీస్తూ విన్నది. మధ్యలో తీయడం ఆపేసింది.

"ఎవుడూ మీద లేకపోయినా దూకీసిందేటి?"

"దూకీసింది."

"గుర్రాలు పడి సచ్చిపోవా, అలగ దూకితే?"

"సచ్చిపోతాయి పిన్ని, ఒక్కోసారి. నాను సూసేను. అందుకే ఇక్కడ ఎత్తులుండవు. మన గట్లే, మన కంచెలే. ఇష్టం నేని గుర్రం పక్కనుంచి ఎల్లిపోడానికి ప్రతిచోటా దారి ఉంచుతాను."

"కొరడాలు?"

"ఎవుల సేతిలోనూ ఉండకూడదు. కొరడా ఉంటే నాకు జవాబు దొరకదు కదా."

ఆవిడ మళ్ళీ చింతపండు అందుకుంది. "ఈస్టరు మర్నాడు పెట్టుకో. గంట నాను కొడతాను," అంది.

సీతమ్మ ఒప్పుకున్నంత తేలిగ్గా జగన్నాధం ఒప్పుకోలేదు. రెండు చర్చిల మధ్య పొలాల్లో ఎక్కువ భాగం ఆయనవే. తాతల కాలం నుంచీ ఇక్కడ సాగు చేస్తున్న కుటుంబం. ఆయన భయం న్యాయమైనదే. మా వైపు వరి కోసిన మళ్ళలో మినుము చల్లుతారు. గుర్రాలు తొక్కితే ఏం మిగులుతుంది? పాల్ ఆయనతో పాటు పొలమంతా తిరిగాడు. ఆ ఏడు ఈస్టరు ఆలస్యంగా పడింది. అప్పటికి మినుము పీకేసి కుప్ప వేస్తారు, నేల గట్టిపడి ఉంటుంది. తెగిన ప్రతి గట్టునీ తానే దగ్గరుండి వేయిస్తానన్నాడు పాల్.

"అది సరే బావా," అన్నాడు జగన్నాధం. వాళ్ళిద్దరికీ వరస ఏమీ లేదు, చిన్నప్పట్నుంచీ అలవాటు. "నా తోటకి ముళ్ళకంప కంచె ఉన్నాది. దాని పక్కన గేటు తీసి ఉంచుతాను. గేటు తీసుంటే కంచె దూకే ఎర్రి గుర్రం ఎక్కడైనా ఉంటాదేటి?"

"అదే నానూ సూద్దామంటన్నాను," అన్నాడు పాల్.

మా వైపు పండగలకి గుర్రాల పరుగు పందేలు కొత్త కాదు. వాటికి గుర్రాలు పెంచేవాళ్ళున్నారు. కబురు తెలిసి వేపాడ వైపు నుంచి, కొండ దిగువ ఊళ్ళ నుంచి తొమ్మిది గుర్రాలు వచ్చాయి. పాల్ ఎక్కడానికి లేదు గనక రూతు మీద ఉమాశంకర్ ఎక్కాడు. కోటలో పెట్రోలు బంకులో పనిచేసే పాతికేళ్ళవాడు, పండగ పందేల్లో మొనగాడు. రెండు నెలలు పాల్ దగ్గర సరుగుడు వాసాల మీంచి దూకడం నేర్చాడు. పందెంతో ఏ సంబంధమూ లేకుండా దాలమ్మ వచ్చింది. కొండమీద నుంచి సంతకి చింతపండూ పసుపూ పొట్టి గుర్రం మీద తెచ్చుకునే మనిషి. "ఎలాగూ పెదలింగాలవలస మీంచే ఎల్లాలి కదా," అని వరసలో నిలబడింది. జనం నవ్వారు. ఆవిడా నవ్వింది.

ఎండ ముదరకముందే సీతమ్మ గంట కొట్టింది. నన్ను పొలాల మధ్య పారే గెడ్డ దగ్గర నిలబెట్టారు. వానాకాలంలో పొంగినా ఏప్రిల్లో మోకాళ్ళలోతు కూడా ఉండదు, గుర్రం గెంతగలిగే వెడల్పే. కొంచెం ఎగువన కల్వర్టు ఉంది, దూకనివాళ్ళకి అదే దారి. పశువుల డాక్టరు నా పక్కనే ఉన్నారు. పాల్ ఒకరి బైకు వెనక కూర్చుని కాలవగట్టు మీంచి పందెం వెంట వస్తున్నాడు.

ముందు మాకు దుమ్ము కనిపించింది. తర్వాత అందులోంచి రూతు వచ్చింది. నేను గుర్రాల పరుగు చాలాసార్లు చూశాను గానీ గట్టు దగ్గర గుర్రం అడుగు కుదించుకుని, వెనక కాళ్ళు కూడదీసుకుని, ఒక్కసారి నేల విడవడం అప్పుడే చూశాను. ఎగిరినంతసేపూ చప్పుడు ఉండదు. వెనకొచ్చిన గుర్రాల్లో రెండు మొదటి గట్ల దగ్గరే మొరాయించి మినుపకట్టె కుప్పల వైపు తిరిగాయట. మిగతావి కొన్ని దూకుతూ, కొన్ని గండ్లు వెతుక్కుంటూ వస్తున్నాయి.

రూతు గెడ్డ దూకింది. ఉమాశంకర్ దూకలేదు. అది అవతలి ఒడ్డు మీద దిగి ఎడమకి మళ్ళితే ఇతను తిన్నగా నీళ్ళలోకి పోయాడు. డాక్టరుగారు పశువుల డాక్టరైనా మనిషి కోసం పరిగెత్తారు. ఉమాశంకర్ బురద ఉమ్మేసి, "గుర్రానికేటి కానేదు కదా?" అని అడిగాడు.

గుర్రం ముందుకే పోతోంది. ఖాళీ జీను. దాని ముందు గుర్రాలేవీ లేవు, అదే అందరికన్నా ముందుంది. వెంబడించడానికి మంద లేదు. ఎదురుగా జగన్నాధం తోట కంచె, పక్కనే బార్లా తీసిన గేటు, గేటు దగ్గర తుండు భుజాన వేసుకుని జగన్నాధం. బైకు మా పక్కనే ఆగింది. పాల్ దిగి నిలబడ్డాడు. రూతు గేటు వైపు చూసింది. చూడడం నేను చూశాను, తల స్పష్టంగా అటు తిరిగింది. మళ్ళీ కంచె వైపు తిరిగి, చెవులు ముందుకి పెట్టి, నాలుగు దూకుడు అడుగులు వేసి కంచె మీంచి వెళ్ళిపోయింది.

"ఓలమ్మో!" అన్నాడు జగన్నాధం. "గేటు ఇక్కడుంటే!"

పాల్ గట్టు మీద కూలబడి నవ్వుతున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. "సూసేవా మాస్టారూ, సూసేవా?" అంటాడే గాని ఇంకో మాట లేదు.

రూతు చర్చి దాకా వెళ్ళలేదు. తోటలో బోరు దగ్గర ఆగి నీళ్ళు తాగింది. ఇత్తడి బిందె వేపాడ నుంచి వచ్చిన రౌతు గెలిచాడు, న్యాయంగానే గెలిచాడు. రెండోది ఎవరంటే దాలమ్మ. ఆవిడ పొట్టి గుర్రం ఒక్క గట్టూ దూకలేదు. ప్రతి గట్టూ మేకలా ఎక్కి, దిగి, ఎక్కడా ఆగకుండా, దారి తప్పకుండా వచ్చేసింది. ఓడిన రౌతొకడు దూకలేదు గనక చెల్లదన్నాడు.

"ఎక్కి దిగితే గట్టు దాటినట్టు కాదేటి?" అంది దాలమ్మ. "ఎగిరితేనే దాటినట్టా?"

పెద్దలు చర్చి మెట్ల మీద కూర్చుని దీనిమీద చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. సీతమ్మ తీర్పు చెప్పింది. చర్చి నుంచి చర్చికి రమ్మన్నారు, వచ్చింది, అంతే. రెండో బహుమతి కూడా ఉండాలని అప్పుడే గుర్తొచ్చి దాలమ్మకి ఒక చీర తెప్పించారు.

ఆ సాయంత్రం పాల్ ఇంటి ముందు నలుగురం కూర్చున్నాం. పాల్ ఆనందం చల్లారలేదు. మంద లేదు, కొరడా లేదు, గేటు తీసి ఉంది, అయినా దూకింది, కాబట్టి ఇష్టమే అన్నాడు. బేబీ టీ అందిస్తూ, "రెండు నెలలు రోజూ వాసాల మీంచి దూకించినావు. అలవాటు కాదేటి మరి?" అంది. పాల్ గ్లాసు కింద పెట్టేశాడు.

అరుగు మీంచి డేవిడ్‌రాజు అందుకున్నాడు. వయసు డెబ్బై అయిదు దాటినా జట్కా రోజులు నిన్నటిలా చెబుతాడు. "నాను పొద్దున్న కిళ్ళీకొట్టు కాడ దిగి టీ తాగతంటే, మన గుర్రం బండి ఈడ్సుకుని తనంతట తానే ఎల్లి టేసను కాడ వరసలో నిలబడీది. అందరూ ఎంత బుద్ధి అనీవోరు. నాను అలవాటనుకున్నాను. ఓ దినం టేసను మూసీసినారు, సమ్మె. అయినా ఎల్లింది. ఎల్లి, మిగతా గుర్రాలేవీ రాలేదని సూసి, తిరిగొచ్చీసింది. అలవాటే అయితే అక్కడే నిలబడాల కదా?"

"మరేటయ్యా?" అన్నాడు పాల్.

"నాకేటి తెలుసు. ఇప్పుడు నువ్వు అడిగితే ఆలోసిస్తన్నాను."

తర్వాతి నెలల్లో పాల్ తన పశువుల బీడులో సరుగుడు వాసాలతో చిన్న అడ్డం ఒకటి కట్టి, రెండు పక్కలా దారి వదిలాడు. పొద్దున్నే రూతుని జీను లేకుండా వదిలేసి, గట్టు మీద కూర్చుని చూసేవాడు. నేర్పడం మానేశాడు, పిలవడం మానేశాడు. కొన్ని పొద్దున్నలు అది అడ్డం దగ్గరికే పోలేదు. కొన్నిసార్లు పక్కనుంచి తిరిగింది. వాన పడి తెరిపిచ్చిన ఒక పొద్దున్న మాత్రం నేను కాలేజీ బస్సు కోసం వెళ్తూ చూశాను, అటు దూకి, ఇటు తిరిగి, మళ్ళీ దూకి, ఒళ్ళంతా జాడించి మేతకి పోయింది. పాల్ నన్ను చూసి చెయ్యి ఊపాడు. అతని మొహంలో గెలిచిన కళ లేదు. మంచి బేరం తగిలిన జట్కావాడిలా కాదు, కొత్త ఊరి దారి అడుగుతున్నవాడిలా ఉన్నాడు.

చర్చి పరుగు మరుసటి ఏడు కూడా జరిగింది. పెదలింగాలవలసవాళ్ళు తమ గంటతో మొదలుకావాలని పట్టుబట్టడంతో అటునుంచి ఇటు జరిగింది. ఉమాశంకర్ ఈసారి కింద పడకుండా వచ్చి మూడోవాడయ్యాడు. వచ్చే ఈస్టరుకి దాలమ్మ తన చెల్లెల్ని కూడా తెస్తానంది. మొన్న ఫిబ్రవరిలో జగన్నాధం పాల్ ఇంటికి వచ్చాడు. ఈసారి ఈస్టరు ముందుగా పడుతోందని, మినుముకి బదులు త్వరగా కోతకొచ్చే పెసర వేశాడట. తోటని ఇంకాస్త విస్తరించాడు, ఆ కొత్త భాగం చుట్టూ కంచె వేయాలి.

"ఎంత ఎత్తుంచమంటావు?" అని అడిగాడు.

పాల్ చెప్పులు తొడుక్కున్నాడు. "ఎల్లి సూసి సెప్తాను, పద," అన్నాడు. ఇద్దరూ పొలం వైపు నడిచారు.